వేన్నీళ్ల కాగు: చలికాలపు సంరక్షణము



ధనుర్మాసపు తెల్లవారుజామున స్నానము మానని వృద్ధులకు వేన్నీళ్లు భోగము గాదు, అవసరము. శీతలదేశములలో నీరు గడ్డకట్టి, నూటికి తొమ్మిది వంతులు పెరిగి, పాత్రలను గొట్టములను పగులగొట్టును. సముద్రతీరముననున్న మా అచ్యుతాపురమునకు ఆ భయము లేదు. మన కాగునకు శత్రువులు వేఱు. అవి గార, బూడిద, వట్టి నిప్పు.

పాత యిండ్లలోని రాగి బాయిలరును పరికింపుడు. నడుమ నిప్పుగొట్టము, దాని చుట్టును నీరు, అడుగున బూడిద రాలు జల్లెడ. గరాటులో పోసిన చన్నీళ్లు అడుగునకు చేరును. కాగిన నీరు తేలికయై పైకెక్కి, పైనున్న కొమ్ము నుండి వెలువడును. పోసినంతయే వచ్చును గనుక పాత్ర ఎప్పుడును నిండియే యుండును. అడుగున కుళాయి గల వానికి ఈ రక్షణ లేదు. అందులో నీరు చూచిన పిమ్మటనే నిప్పు వేయవలెను. ఏలయన, కళాయికి వాడు తగరము 232 డిగ్రీలకే కరగును. నీరున్నంతవఱకు రాగి అంత వేడెక్కదు. నీరు లేనిచో కళాయి జారును, అతుకులు విడును.

ఇక గార. నూతినీటిలో కరగియున్న సున్నము, నీరు కాగినపుడు విడివడి తెల్లని పొరయై లోపల అంటుకొనును. ఇది రాగికంటె నూఱురెట్లకు మించి తక్కువగా వేడిని ప్రసరింపజేయును. కావుననే నానాటికి పుల్లలు ఎక్కువ పట్టును, నీరు ఆలస్యముగా కాగును. విద్యుత్తుతో నడచు గీజరులకును ఈ బాధ తప్పదు. కాగును ఇనుపచువ్వతో గీకరాదు, కళాయి పోవును. నిమ్మరసము కలిపిన నీరు రెండు మూడు గంటలు నిలిపి, గుడ్డతో తోమి, పలుమాఱులు కడిగి పాఱబోయవలెను. ఆ నీరు త్రాగుటకు పనికిరాదు.

సరుగుడు పుల్లలు, కొబ్బరిచిప్పలు కాల్చిన బూడిదను ప్రతిదినము తీసివేయుడు. తేమ తగిలిన బూడిద లోహమును తినివేయును. కొన్నాళ్లు వాడనిచో నీటిని పూర్తిగా వంపి, ఆరబెట్టి మూయుడు. గోరువెచ్చగా నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు పెరుగును.

కాగిన నీటిని వెచ్చగా నుంచుటెట్లు? తెఱచియున్న గంగాళములో వేడి ప్రధానముగా ఆవిరి రూపమున పోవును. కావున బిగువైన కొయ్యమూత పెట్టవలెను. నిప్పు పూర్తిగా ఆరి, కణికలు తీసిన తరువాత గోనెసంచి చుట్టవచ్చును. బాయిలరులో నిప్పుగొట్టపు పైమూతి కూడ అప్పుడే మూయవలెను. లేనిచో దానిగుండ గాలి ప్రవహించుచు వేడిని కొనిపోవును.

ఇచ్చటనే ప్రాణాపాయ మున్నది. చలికి వెఱచి స్నానపుగది తలుపులు, కిటికీలు బిగించి, లోపల నిప్పుండగనే స్నానము చేయువారు కలరు. గాలి చాలక మండు బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడదు గనుక అపాయము లేదనుకొందుము. అది నెత్తురులో ప్రాణవాయువు స్థానము నాక్రమించును. మొదట తలనొప్పి, తలతిరుగుట, వికారము, పిమ్మట స్పృహ తప్పుట, తుదకు మరణము. వంటగ్యాసుతో పనిచేయు గీజరును గాలి రాని గదిలో పెట్టినను ఇదియే జరుగును. అట్లు పడిపోయినవారిని తక్షణమే బయలుగాలిలోనికి చేర్చి, 108కు ఫోను చేసి ఆసుపత్రికి కొనిపోవలెను. లోనికి పోవువారు ముందు తలుపులు బార్లా తెఱవవలెను.

కావున కాగును పెరటిలోనో వసారాలోనో యుంచి, నీటిని బిందెతో లోనికి తెచ్చుకొనుట మేలు. వేడిని నిలుపుటకు మూయవలసినది నీటిని గాని, గదిని గాదు. ఈ యొక్క మాట మీ యింటి కోడండ్రకు, మనుమలకు ఈ చలికాలముననే చెప్పుడు.