నాన్న బండా... కొత్త బండా?

పాత రేసు బళ్లపై హోసూరులో తగ్గని మోజు
బ్రేకులు, కాగితాలు చూసుకోకుంటే చిక్కే

హోసూరు: ఆ శబ్దం వినపడితే చాలు, టీ అంగడి దగ్గర నిలబడ్డవాళ్లు తల తిప్పి చూస్తారు. అదే యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చిన ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా మంచి కండిషన్‌లో ఉన్నదానికి లక్ష దాకా అడిగేవాళ్లున్నారు. ఆ డబ్బుకు ఇంకాస్త కలిపితే షోరూం నుంచి కొత్త బండే వస్తుంది. అందుకే చాలా ఇళ్లలో ఇదే పంచాయితీ. "ఈ పికప్ నీ కొత్త బండిలో ఉండాదేమిరా?" అంటాడు తండ్రి. "బ్రేకు పడాల కదా నాయినా!" అంటాడు కొడుకు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

రేసు బళ్ల ఊరు

హోసూరుకు ఈ మోజు కొత్త కాదు. ఇక్కడి టీవీఎస్ ఫ్యాక్టరీలో 1980లో మోపెడ్‌తో మొదలైన పని, 1993లో షోగన్ దాకా, 2017 డిసెంబరులో అపాచీ ఆర్‌ఆర్ 310 దాకా వచ్చింది. అప్పట్లో మద్రాసు దగ్గర షోలవరం పాత విమానాల రన్‌వే మీద, 1990 నుంచి శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద బైకు రేసులు జరిగేవి. ఆ కబుర్లు వింటూ పెరిగినవాళ్లకు టూ స్ట్రోక్ బండి అంటే ప్రాణం.

పికప్ ఎక్కడిది?

ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ శక్తి 11 హార్స్‌పవరే. బండి బరువు మాత్రం వంద కిలోల చుట్టూనే. పైగా టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకూ పెట్రోలు మండుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. అందుకే యాక్సిలేటర్ తిప్పగానే దూకుతుంది. అయితే కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ లోంచి పోతుంది. పొగకు, తక్కువ మైలేజీకి కారణం ఇదే. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ ఈ ఇంజిన్లు రోడ్డు బైకుల్లోంచి తప్పుకున్నాయి.

టూటీ ఆయిల్ అయిపోయింది చూసుకోకుంటే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయాలి. సైలెన్సర్‌లో కార్బన్ పేరుకుంటే లాగుడు తగ్గుతుంది. అసలు స్పేర్లు దొరకడం కష్టం. డూప్లికేట్ వేస్తే ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

బ్రేకు దగ్గరే తేడా

పాత బండికి ముందూ వెనుకా డ్రమ్ బ్రేకులే. షోలవరం నాటి బండితో ఇప్పటి బెంగుళూరు హైవే మీద, లారీల మధ్య పోవాలి. తడి రోడ్డులో గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. కొత్తవాటిలో చాలావాటికి ముందు డిస్క్ ఉంటుంది. 125 సీసీ దాటిన బళ్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. చక్రం బిగుసుకోకుండా అది కాస్తుంది. రోజూ అట్టిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీకి డ్యూటీకి పోయేవాడికి పికప్ కంటే ఇదే ముఖ్యం.

సరిహద్దు తిప్పలు

కాగితాల సంగతి ఇంకొకటి. పదిహేనేళ్లు నిండిన బండికి ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యూవల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన బైకుకు ఈ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం రూ.2 వేలు చేసింది. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరే.

కుప్పంలోనో పలమనేరులోనో ఉన్న మామ ఇచ్చిన బండికి ఏపీ 03 నంబరు ఉంటుంది. ఏడాదికి మించి హోసూరులో ఉంచుకుంటే ఎన్‌ఓసీ తెచ్చి తమిళనాడు నంబరు వేయించుకోవాల్సిందే. బండి మొదటి ఓనరు పేరు మీదే ఉంటే, ఆయన కాలం చేసి ఉంటే, వారసుల సంతకాలు కావాలి. అందుకే డబ్బు చేతిలో పెట్టకముందే ఆర్సీ మీద ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండితో సరిచూసుకోవాలి.

రెండూ ఉంటే మేలు

ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత బండిని తెగనమ్మే పని లేదు. కాగితాలు సరిచేసి, ఆదివారం పొద్దున ఊరి చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చు. డ్యూటీకి మాత్రం ఏబీఎస్ ఉన్న బండే నయం. లక్ష పోసి కొత్తగా పాతది కొనేవాళ్లు ముందు ఒకసారి వాన రోడ్డు మీద దాని బ్రేకు నొక్కి చూడాలి. మనసు పికప్ అడిగినా, ఇంట్లోవాళ్లు ఎదురుచూసేది మనిషి కోసమే.