మన తెల్లన్నం మీద మొదలైన ఎంక్వైరీ

రాజాం నుంచి మాట్లాడుతున్నాను. పోయిన వారం రెండు కిలోల దంపుడు బియ్యం పట్టుకెళ్తే మా అమ్మ, "ఏటిరా ఇది, దాణాలాగుంది" అంది. మా ఇంట్లో అన్నమంటే మల్లెపువ్వులా ఉండాలి. ఆ తెలుపు గురించే ఈ ఎపిసోడ్.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్ఐఎన్. అది 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో మొదలైంది. అప్పటి పేరేంటో తెలుసా? బెరిబెరి ఎంక్వైరీ. పెట్టినాయన రాబర్ట్ మెకారిసన్. బెరిబెరి అంటే బి1 విటమిన్ చాలక వచ్చే జబ్బు. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, కొందరికి ఒళ్లు వాచి గుండె దెబ్బతింటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది ఎక్కువగా ఉన్నది ఉత్తర సర్కారుల్లో. అంటే మన కోస్తాలోనే!

ఇక్కడే అసలు ప్రశ్న. తమిళ జిల్లాల్లోనూ పేదలున్నారు, వాళ్లూ తినేది వరి అన్నమే. మరి అక్కడ ఎందుకు అంతగా కనపడలేదు? ఒక్క రోగిని పడుకోబెట్టి ఎంత పరీక్షించినా దీనికి జవాబు దొరకదు. రెండు ప్రాంతాల జనాన్ని పక్కపక్కన పెట్టి ఏది ఒకటే, ఏది వేరు అని చూడాలి. న్యూట్రిషనల్ ఎపిడెమియాలజీ అంటే ఇదే, పేరు చూసి భయపడకండి.

తేడా మిల్లు దగ్గర దొరికింది. వాళ్లది ఉప్పుడు బియ్యం, మనది మరపట్టిన పచ్చి బియ్యం. వడ్లను నానబెట్టి ఆవిరి పడితే పైపొరలోని బి1 కొంత గింజ లోపలికి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. పచ్చి వడ్లు మరపడితే చాలావరకు తవుడుతో పాటు గేదెలకెళ్లిపోతుంది. మిగిలిన కాస్తనీ మనం కడిగి, గంజి వార్చి పారబోస్తాం.

తల్లికి బి1 చాలకపోతే పాలల్లోనూ చాలదు. రెండు నుంచి నాలుగు నెలల బిడ్డ, అప్పటిదాకా బాగానే ఉన్నవాడు, ఉన్నట్టుండి గుండె ఆగి పోవచ్చు. ఈ బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద ఎక్రాయిడ్, కృష్ణన్ చేసిన అధ్యయనం 1941లో అచ్చయింది. నాకు ఈ కథలో అన్నిటికంటే బరువైన ముక్క అదే.

ఇప్పుడు అదే తెలుపు మీద ఇంకో కేసు నడుస్తోంది. 21 దేశాల్లో చేసిన ప్యూర్ అధ్యయనం 2020లో చెప్పిందేంటంటే, తెల్లన్నం బాగా ఎక్కువ తినేవాళ్లలో షుగర్ ముప్పు ఎక్కువ, ఆ సంబంధం దక్షిణాసియాలో మరీ గట్టిది. అయితే ఒక్క మాట. బెరిబెరిలో తవుడు తినిపిస్తే జబ్బు తగ్గింది కాబట్టి కారణం తేలిపోయింది. షుగర్‌కి అంత సూటి సాక్ష్యం లేదు. ఒళ్లు కదలకపోవడం, బరువు, వంశం, అన్నీ కలిసి ఉంటాయి.

మా అమ్మ రాత్రి పూటకి మాత్రం దంపుడు బియ్యానికి ఒప్పుకుంది. మీ ఇంట్లో గంజి తాగుతున్నారా, పారబోస్తున్నారా? కింద రాయండి.