వారమంతా మ్యాచ్‌లే, మన జట్టే లేదు

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లకి వారం శనివారం సాయంత్రం మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర మ్యాచ్ అంటే చలికాలంలో మన దెందులూరులో సాయంత్రం ఆరు. అక్కడ మూడు గంటల మ్యాచ్‌లు ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి, సరిగ్గా మెస్ టైముకి. అయిదున్నరది పదకొండింటికి. ఆదివారం మళ్లీ ఇదే భాగోతం. మంగళ, బుధవారాల్లో ఛాంపియన్స్ లీగ్ ఉంటే పెద్ద మ్యాచ్‌లు రాత్రి ఒకటిన్నరకి మొదలవుతాయి, అంటే క్యాలెండర్ ప్రకారం మనకి బుధ, గురువారాలు. మార్చి ఆఖర్లో వాళ్లు గడియారాలు గంట ముందుకి జరుపుకుంటారు కాబట్టి వేసవిలో మనకో గంట నిద్ర మిగులుతుంది. గురువారం ఫస్ట్ అవర్‌లో ఎవరు కునుకు తీస్తున్నారో చూస్తే, రాత్రి మ్యాచ్ ఎక్స్‌ట్రా టైముకి వెళ్లిందో లేదో చెప్పేయొచ్చు.

కొత్తగా చూసేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "పదహారో ప్లేసులో ఉన్నోళ్లకీ పద్దెనిమిదో ప్లేసులో ఉన్నోళ్లకీ మ్యాచ్ అయితే మనమెందుకు చూడాలి మామా?"

ఎందుకంటే ప్రీమియర్ లీగ్‌లో ఇరవై జట్లుంటాయి, ఒక్కోటి 38 మ్యాచ్‌లు ఆడుతుంది. సీజన్ అయ్యేసరికి అడుగున మిగిలిన మూడూ కింది డివిజన్‌కి పడిపోతాయి, అక్కణ్ణుంచి మూడు పైకొస్తాయి. పడిపోవడం రెలిగేషన్, పైకి రావడం ప్రమోషన్. మన భాషలో చెప్పాలంటే డిటెయిన్ అవడం, కాకపోతే ఊరు ఊరంతా కలిసి డిటెయిన్ అవుతుంది. టీవీ డబ్బులు పడిపోతాయి, మంచి ఆటగాళ్లని అమ్ముకోవాల్సి వస్తుంది. అయినా క్లబ్ ఆ ఊళ్లోనే ఉంటుంది, వచ్చే ఏడు మళ్లీ ఎక్కుదామని చూస్తుంది. నన్నడిగితే ఏప్రిల్‌లో కప్పు కోసం ఆడేవాళ్లకన్నా ఈ అడుగునోళ్ల మ్యాచ్‌లే చూడాలి.

మన ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది ఫ్రాంచైజీ పద్ధతిలో, ఐపీఎల్ లాగా. 2025 దాకా అందులో చివర నిలిచిన జట్టు కిందికి పడింది లేదు. అంతవరకు వినడానికి బానే ఉంటుంది. చిక్కేంటంటే అక్కడ లీగ్‌లో జట్టుకున్నది ఒక సీటు. సీటుని ఎటైనా జరపొచ్చు. 2019లో ఎఫ్‌సీ పూణే సిటీ మూతపడితే ఆ సీట్లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది.

హైదరాబాద్ కథ మాత్రం కడుపు తరుక్కుపోయేది. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో ఫైనల్. స్టాండ్స్‌లో ఎటు చూసినా కేరళ బ్లాస్టర్స్ పసుపు రంగే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు 1-1, ఆఖరికి పెనాల్టీలు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు, కప్పు హైదరాబాద్‌ది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి, ఛాంపియన్ అయిన ఏడాది ఆ జట్టు సొంతూళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! మరుసటి ఏడు రెండో స్థానం. ఆ పై ఏడు జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కళ్లే వెళ్లిపోయారు, జట్టు అట్టడుగున తేలింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. డెక్కన్ ఛార్జర్స్ పోయినప్పుడు వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. ఇక్కడ ఆ సీట్లోకి ఎవరూ రాలేదు.

ఇదేదో ఫుట్‌బాల్ తెలీని ఊరు కూడా కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణానికి తీసుకెళ్లాడు. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఆయన పాత్రే.

ఇంగ్లండ్‌లోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. లండన్ వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతిచ్చారు. అభిమానులు ఊరుకోలేదు. అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంతంగా క్లబ్ పెట్టుకుని, తొమ్మిదో మెట్టు నుంచి ఆడుకుంటూ వచ్చి, 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కేశారు. ఎక్కడానికి మెట్లున్నాయి కాబట్టే అది కుదిరింది.

మనకీ ఒక మెట్టుంది, మొన్నటిదాకా ఐ-లీగ్ అనేవాళ్లు. 2022-23 నుంచి దాని విజేతకి సూపర్ లీగ్‌లో చోటిచ్చారు. హైదరాబాద్‌లో ఆడే శ్రీనిధి డెక్కన్ ఆ ఏడు రెండో స్థానంలో ఆగిపోయింది, పంజాబ్ పైకెళ్లింది. 2023-24లో మళ్లీ రెండో స్థానమే, ఈసారి మొహమ్మడన్ వెళ్లింది. ఒక్క మెట్టు, రెండుసార్లు!

ఇంకో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలీదు. 2020లో శ్రీనిధికి ఐ-లీగ్ ప్రవేశం వచ్చింది విశాఖపట్నం పేరు మీద. అక్కడే ఆడుంటే శనివారం పొద్దున్నే ఏలూరులో రైలెక్కి, సాయంత్రం మ్యాచ్ చూసుకుని, ఆదివారం తెల్లారేసరికి హాస్టల్లో ఉండేవాళ్లం, గొంతులు పోగొట్టుకుని.