రాకెట్టుకు మొదటి బారెడు

మా నల్లమాడలో దీపావళి నాటికి శెనక్కాయ పీకడం అయిపోయి, కట్టె వామికెక్కి ఉంటుంది. వాన మొగం చాటేసిన ఏడు కాయలెటూ దక్కవు, ఎద్దులకు ఆ కట్టే దిక్కు. నా పదో ఏట ఆ వామి సగం కాలిపోయింది, నేను వదిలిన తారాజువ్వతోనే.

జాగ్రత్త పడకపోలేదు. గాలి తూర్పు నుంచి కొడుతోంది, వామీ తూర్పునే ఉంది. జువ్వను గాలి పడమటికి నెట్టుకుపోతుందిలే అనుకుని సీసాలో నిలబెట్టి వత్తి అంటించాను. మూరెడు లేచిందో లేదో, గాలికి ఎదురు తిరిగి నేరుగా వామిలో దూరింది. "గాలి అట్ల పోతాంటే ఇది ఇట్లెట్ల వచ్చెరా?" అన్నాడు మా జేజినాయన, కడవతో నీళ్లు కుమ్మరిస్తూ. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే నేను సైన్సు అయ్యవారినయ్యాను.

జవాబు ఇదీ. జువ్వకు పుల్ల, రాకెట్టుకు రెక్కలు ఒకే పని చేస్తాయి: గాలి ఎటు నుంచి తగులుతుంటే ముక్కును అటు తిప్పుతాయి. వేగంగా లేచే రాకెట్టుకు గాలి దాదాపు పైనుంచే తగులుతుంది కాబట్టి తిన్నగా పోతుంది. కానీ లేచిన క్షణంలో దాని వేగం సెకనుకు 5 మీటర్లే ఉండి, పక్కగాలి కూడా 5 మీటర్లుంటే, తగిలే గాలి 45 డిగ్రీల ఏటవాలుగా వస్తుంది. ముక్కు అటే తిరుగుతుంది. అదే రాకెట్టు 12 మీటర్ల వేగంతో బయలుదేరితే ఆ వాలు 23 డిగ్రీలకు తగ్గిపోతుంది.

ఆ మొదటి వేగం ఎక్కడ దొరుకుతుంది? పంగలకర్రలో. చింతకొమ్మ పంగ, సైకిల్ ట్యూబు కోసిన రెండు పట్టీలు, పాత చెప్పు తోలు ముక్క. కంకుల మీద పిట్టలను తోలే వడిసెలలో సాగేదేమీ ఉండదు, అంతా చేతి ఊపే. రబ్బరు సంగతి వేరు. చెయ్యి నిదానంగా దాచిపెట్టిన శక్తిని అది రెప్పపాటులో తిరిగిస్తుంది. పట్టీలను 60 సెంటీమీటర్లు లాగితే, చివర్లో నాలుగు కిలోల బరువంత బిగువు వచ్చిందనుకోండి, అందులో దాగింది సుమారు 12 జౌళ్లు. కిలో రాయిని 1.2 మీటర్లు ఎత్తడానికి పట్టేంత శక్తి అది. అంతా రాకెట్టుకు చేరదు, కొంత రబ్బరులోనే వేడిగా పోతుంది. అయినా 100 గ్రాముల రాకెట్టుకు 12 మీటర్ల వేగం ఇవ్వడానికి 7.2 జౌళ్లు చాలు.

వేడి మాట నమ్మకపోతే పట్టీని చటుక్కున సాగదీసి పెదవికి ఆనించి చూడండి. వెచ్చగా తగులుతుంది. తరగతిలో పిల్లలందరూ ఒకేసారి "అవును సార్!" అనే పాఠం నాకు తెలిసి ఇదొక్కటే.

రబ్బరుతో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేం. అక్కడ తిరగాల్సిన ఒక్కో కిలోకు వేగం రూపంలోనే దాదాపు 2 కోట్ల 80 లక్షల జౌళ్లు కావాలి. కానీ చిట్టచివరి తోపు మళ్లీ ఇలాంటి శక్తిదే. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. వాటిలో 101 చిట్టి ఉపగ్రహాలు పెట్టెల్లో కూర్చుని వెళ్లాయి. తలుపు తెరుచుకోగానే వాటిని బయటికి నెట్టింది నొక్కిపెట్టిన స్ప్రింగే.

అదే శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న తొలిసారి ఎగిరింది 125 మిల్లీమీటర్ల లావున్న రోహిణి అనే చిన్న రాకెట్టు. ఇలాంటి వాటిని పట్టా మీద నడిపించి వదులుతారు, ముందుగా గాలిని కొలిచి పట్టా వాలును సరిచేస్తారు. మా జేజినాయన అడిగిన ప్రశ్నే వాళ్లదీను.

మీ పిల్లలు పంగలకర్రతో రాకెట్టు ఎగరేస్తామంటే కాగితంతో చేయించండి, మందు దగ్గరికి రానివ్వకండి. వదిలేముందు గుప్పెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. అది వచ్చే వైపున ఎవరినీ నిలబడనివ్వకండి.