కంప్రెసర్ ట్యాంకుకు అతుకులు వద్దు: అపోహలు – వాస్తవాలు

పంక్చరు షాపు నుంచి కార్ల పెయింటింగ్ షెడ్డు దాకా ఎయిర్ కంప్రెసర్ లేనిదే పని సాగదు. హెడ్డులో చప్పుడు మారితే మెకానిక్కును పిలుస్తాం. బెల్టు తెగితే ఆ పూటే కొత్తది వేస్తాం. ట్యాంకును మాత్రం అడుగు నుంచి ‘సుయ్’మని గాలి పోయేదాకా పట్టించుకోం. అప్పుడు చేసే వైద్యం చాలాసార్లు జబ్బుకన్నా ప్రమాదకరం.

అపోహ: పైన రంగు నిగనిగలాడుతోంది కాబట్టి ట్యాంకు గట్టిగానే ఉంది.

వాస్తవం: పైన పటారం, లోన లొటారం. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల దాకా నీటి ఆవిరిని మోస్తుంది. ఆ గాలిని 8 బార్‌కు కుదించి చల్లారనిస్తే అందులో చాలా భాగం నీరై ట్యాంకు అడుక్కి దిగుతుంది. రోజూ డ్రెయిన్ కాక్ తిప్పకపోతే ఆ నీరే రేకును లోపలి నుంచి తినేస్తుంది. కాక్ తిప్పగానే ఎర్రమట్టి రంగు నీళ్లు, తుప్పు పెళ్లలు వస్తున్నాయంటే లోపల పని మొదలైనట్టే.

అపోహ: సూదిమొనంత చిల్లు. ఒక చుక్క వెల్డింగు పెడితే సరి.

వాస్తవం: చిల్లు పడింది ఒక్కచోటే అయినా రేకు పలచబడింది ఆ ఒక్కచోటే కాదు. రాడ్డు ఆనించగానే చుట్టుపక్కల రేకు కరిగి చిల్లు పెద్దదవుతుంది. ఒకవేళ అతుకు నిలిచినా, దాని అంచున పగులు పుట్టవచ్చు. లోపల పేరుకున్న ఆయిల్‌కు నిప్పంటుకునే ముప్పు వేరే. ఎపాక్సీ లప్పమూ, వాషరు వేసి బిగించిన స్క్రూ కూడా చప్పుడును ఆపుతాయే తప్ప రేకుకు బలమివ్వవు. 450 మిల్లీమీటర్ల వ్యాసమున్న ట్యాంకు చివరి మూతను 8 బార్ ఒత్తిడి దాదాపు 13 టన్నుల బలంతో బయటికి తోస్తుంది. తుప్పు తిన్న ట్యాంకును తీసేయడమే దారి.

అపోహ: సేఫ్టీ వాల్వు ఉందిగా, ట్యాంకు పేలదు.

వాస్తవం: ఒత్తిడి హద్దు దాటినప్పుడే వాల్వు తెరుచుకుంటుంది. పలచబడిన ట్యాంకు రోజూ నడిచే ఒత్తిడికే పగలవచ్చు. ఒత్తిడి పాత్రల్లో సురక్షిత పని ఒత్తిడి దాటకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 31వ సెక్షన్‌లో చెప్పింది. రేకు అరిగేకొద్దీ ఆ సురక్షిత హద్దు కిందికి దిగుతుంది. వాల్వు సెట్టింగు మాత్రం పాత అంకె దగ్గరే ఉంటుంది. ఇక మాటిమాటికీ గాలి వదులుతోందని వాల్వును బిగించేయడం, దానికి మూత పెట్టడం చావును కొనితెచ్చుకోవడమే.

అపోహ: గాలి నింపి సబ్బునీళ్లు రాసి చూస్తే టెస్టు అయినట్టే.

వాస్తవం: బుడగలు లీకును చూపిస్తాయి, బలాన్ని చూపించవు. 200 లీటర్ల ట్యాంకులో 8 బార్ గాలి ఒక్కసారిగా వెలువడితే, టన్ను బరువును సుమారు 20 మీటర్లు ఎత్తేంత శక్తి విడుదలవుతుంది. అందుకే బలాన్ని పరీక్షించేవారు గాలంతా తీసేసి నీళ్లు నింపి, పని ఒత్తిడికన్నా ఎక్కువ ఒత్తిడి పెడతారు. నీరు దాదాపుగా కుదించుకోదు కాబట్టి, రేకు విడిపోయినా పేలుడంత ఉధృతి ఉండదు. రేకు ఎంత మందం మిగిలిందో చెప్పడానికి అల్ట్రాసోనిక్ మీటరు కావాలి. ఈ రెండూ అనుభవమున్న పరీక్షకులు చేసే పనులు.

అపోహ: ట్యాంకు పోతే మెషినంతా మార్చాలి. లేదా పాత గ్యాస్ సిలిండరు బిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: రెండూ తప్పే. హెడ్డు, మోటారు బాగుంటే ట్యాంకు ఒక్కటే మార్చవచ్చు. గ్యాస్ సిలిండరు మాత్రం పనికిరాదు. అడుగున నీరు తీసే దారి, వాల్వుకు, గేజీకి తగిన అమరికలు దానికి ఉండవు. నేమ్‌ప్లేటు మీద పని ఒత్తిడి, టెస్టు ఒత్తిడి ముద్రించి, టెస్టు సర్టిఫికెట్‌తో వచ్చే ఎయిర్ రిసీవరే కొనండి. సేఫ్టీ వాల్వు కూడా కొత్తదే వేయండి. విప్పే ముందు కరెంటు తీసేసి, గాలంతా వదిలి, గేజీ ముల్లు ఒక్కదాన్నే నమ్మకుండా డ్రెయిన్ కాక్ తెరిచే ఉంచండి.

తీసేసిన ట్యాంకును పాత ఇనుము కింద అమ్మేముందు, గాలంతా పోయిందని చూసుకుని, డ్రిల్లుతో నాలుగైదు పెద్ద రంధ్రాలు వేయండి. లేకపోతే ఎవరో దానికి రంగేసి ఇంకో షెడ్డుకు అమ్ముతారు.