పెద్ద అక్షరములకు చోటు

నల్లగొండ వైపు గ్రామములనుండి హైదరాబాదునకు వచ్చువారు పలువురు ఎల్.బి.నగర్ కూడలిలో బస్సు దిగి మెట్రో రైలు ఎక్కుదురు. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట-ఎల్.బి.నగర్ మార్గము ప్రారంభమైన పిదప దిల్‌సుఖ్‌నగర్ చేరుట సులభమైనది. టిక్కెట్టును ఫోనులోనే కొనవచ్చును. కాని తెరపై అక్షరములు కానరాని వృద్ధుడు ఏమి చేయును? ప్రక్కవారికి ఫోను అందించును. టిక్కెట్టు విషయమున ఇది స్వల్పమైన ఇబ్బందియే. పింఛను, బ్యాంకు ఖాతా, భూమి పత్రముల విషయమున అపాయకరము. రహస్య సంఖ్య పరుల చేతిలో పడును. తాను దేనికి సమ్మతించెనో తనకే తెలియదు.

నలువది ఏండ్లు దాటిన పిదప కంటిలోని కటకము మృదుత్వమును కోల్పోవుటచే దగ్గరి అక్షరములు మసకబారును. దీనినే చత్వారము అందురు. 2018 ఆగస్టు 15వ తేదీన తెలంగాణములో ఆరంభించిన ‘కంటి వెలుగు’ క్రింద నేత్రపరీక్షలు జరిపి కళ్లజోళ్లు పంచిరి. అయినను కళ్లజోడుతోబాటు తెర కూడ సహకరించవలెను.

ఫోను సెట్టింగులలో అక్షర పరిమాణమును పెంచు వీలు కలదు. కాని కొన్ని యాప్‌లు దానిని మన్నింపవు. రూపకర్తలు అక్షరమునకును, అది ఇముడు గడికిని మారని కొలతలు నిర్ణయించుటయే ఇందుకు కారణము. తెలుగునకు ఈ చిక్కు మరింత అధికము. మన లిపిలో గుడులు పైనను, వత్తులు క్రిందను నిలుచును. గడి ఎదగనిచో అవి తెగిపోవును. ‘పట్టా’ అను మాట ‘పటా’గా మిగులును. కావున అక్షరముతోబాటు గడియు, పంక్తుల నడిమి ఎడమును పెరుగునట్లు రూపొందించవలెను.

అక్షరములను రెట్టింపు చేసినను విషయము గాని, పని గాని లోపింపరాదని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో ప్రకటించిన నియమములు చెప్పుచున్నవి. దిల్‌సుఖ్‌నగర్‌లోని కంప్యూటరు శిక్షణ సంస్థలలో చదువు మన గ్రామ యువకులు ఈ నియమమును నేర్చినచో వారి తాతలకే మేలు కలుగును.

పంచాయతీ సభ్యులారా! గ్రామస్థులకు ఏదేని యాప్‌ను పరిచయము చేయుటకు ముందు ఫోను అక్షరములను గరిష్ఠముగా పెంచి దానిని తెరచి చూడుడు. వత్తులు తెగుచున్నవా? వాక్యములు ఒకదానిపై నొకటి పడుచున్నవా? నొక్కవలసిన మీట తెర వెలుపలికి పోయినదా? పిమ్మట ఒక పెద్దమనిషికి ఫోను ఇచ్చి, ఎవరి సాయమును లేక పని ముగింపుమని కోరుడు. ఆయన తడబడిన చోటును వ్రాసికొని సంబంధిత శాఖకు తెలియజేయుడు. తన పత్రమును తానే చదువుకొనగలవాడే తన ఆస్తికి నిజమైన యజమాని.