పాలపిండి విశ్వాసమైతే ఇంతకాలం నిలిచేదా?

"పాలపిండికీ, గోధుమరవ్వకీ మతం మార్చుకున్నవాళ్లు." దళిత క్రైస్తవులు తరతరాలుగా వింటున్న నింద ఇది. కాలేజీలో, ఆఫీసులో, ఆఖరికి ఉద్యమాల్లో కూడా వినపడుతుంది. ఒంగోలు ప్రాంత చరిత్రలోకి ఒకసారి వెళితే ఈ నింద ఎంత డొల్లదో తెలుస్తుంది.

1866లో తోలు వ్యాపారం చేసే మాదిగ యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య పల్లెపల్లె తిరిగి సువార్త చెప్పాడు. ఆయన మాట విన్న మాదిగలు ఆదివారం పని మానేశారు, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేశారు, జాతరల్లో డప్పు కొట్టడం మానేశారు. ఊరి పెద్దలకు ఇది మతం విషయంగా కనపడలేదు. వెట్టి చేసేవాళ్లు ఎదురు తిరిగినట్టు కనపడింది. పనులు ఆపారు, నీళ్లకు అడ్డుపడ్డారు, కొట్టారు. అయినా సంఘాలు నిలిచాయి.

తర్వాత 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. పనిలో ఉండగా వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపాడు. కరువు సాయం ఇక లేదని తెలిశాక కూడా జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి పెడుతున్నప్పుడు తలుపు మూసి ఉంది. తిండి ఆగిపోయాక జనం లోపలికి వచ్చారు.

మరి వాళ్లకు దొరికిందేమిటి? బడి, చదువు, ఊరు పెట్టిన పేరు కాక సొంతంగా ఎంచుకున్న పేరు. అన్నిటికీ మించి, దేవుడి ముందు తాము ఎవరికీ తక్కువ కాదన్న నమ్మకం.

స్వతంత్రం వచ్చాక మరో కష్టకాలం మొదలైంది. ఈసారి అది చట్టం రూపంలో వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. మన రాష్ట్రాల్లో మతం మారిన దళితులను బీసీ-సీలో పెట్టారు. దాని కోటా ఒక్క శాతం.

కానీ దాడి చేసేవాడు బాప్తిస్మం చూడడు, కులమే చూస్తాడు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు. ఉద్యమ శిబిరం అక్కడే నడిచింది. మతాన్ని చూసేది చట్టమే. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఫిర్యాదు చేసింది ఒక పాస్టరు.

అందుకే ఎన్నో ఇళ్లలో బైబిలు అలమరలో ఉంటుంది, సర్టిఫికెట్‌లో 'హిందూ' అని ఉంటుంది. బిడ్డ చదువు కోసం అలా రాయించుకున్న తల్లిని దొంగ అనడం తేలిక. ఆమెను రెండు పేర్లతో బతకమన్న ఉత్తర్వును ప్రశ్నించడమే కష్టం.

సంఘాలు కూడా తమను తాము ప్రశ్నించుకోవాలి. మాల చర్చి, మాదిగ చర్చి అని విడిపోయిన చోట, పెళ్లి సంబంధానికి కులం అడిగే చోట, గుండ్లకమ్మ ఒడ్డున కోరుకున్న సమానత్వం ఇంకా రాలేదు. "ఓర్చుకో, పరలోకంలో ఫలం ఉంది" అని చెప్పి కోర్టు మెట్లు ఎక్కనివ్వని ప్రసంగం కూడా అన్యాయానికే తోడవుతుంది.

విశ్వాసంలో నిలబడటమంటే దెబ్బలు తింటూ కూర్చోవడం కాదని పేరయ్య తరం చూపించింది. వాళ్లు ప్రార్థన చేశారు, డప్పు కిందపెట్టారు. ఈ తరం ప్రార్థన చేస్తూనే మూడో పేరా రద్దు కోసం వీధిలోకి రావాలి. విశ్వాసానికీ హక్కుకూ మధ్య ఏదో ఒకటే ఎంచుకోమనే అధికారం ఏ ఉత్తర్వుకూ ఉండకూడదు.